పచ్చ టేపు వాళ్ళది, ఎర్ర టేపు మాది

మా నాయన డబ్బులు పెట్టి కవరు కొనగా నేనెప్పుడూ చూడలేదు. కడపలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేసేవాడు. ఆ రోజుల్లో ఆఫీసుకు వచ్చిన కవరును చింపి పారేయడం ఉండేది కాదు. పాత అడ్రసు మీద ఎకానమీ స్లిప్పు అని ఒక కాగితం ముక్క అంటించి, దాని మీద కొత్త అడ్రసు రాసి ఇంకో ఆఫీసుకు పంపేవాళ్ళు. ఆ ఆఫీసు వాళ్ళు దాని మీద ఇంకో స్లిప్పు వేసి మరో ఆఫీసుకు. అట్లా జిల్లా అంతా తిరిగి, స్లిప్పు మీద స్లిప్పు పడి బిరుసెక్కి, ఇంక ఎవరికీ అక్కర్లేదనుకున్న కవర్లను నాయన సైకిలు క్యారేజీకి కట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. "కాగితమే కదా, కాల్చేది ఎందుకు?" అనేవాడు. మా అమ్మకేమో ఇంట్లో చెత్త పేరుకోవడం అస్సలు గిట్టదు. వాళ్ళిద్దరి పంచాయితీ ఎప్పటికీ తెగక, చివరికి కవర్లన్నీ నా పాలయ్యాయి.

అప్పుడు మేం ఎర్రముక్కపల్లెలో ఉండేవాళ్ళం. బ్రౌన్ గ్రంథాలయం ఇంకా కడుతూ ఉన్నారు. నేను ఆరో ఏడో చదువుతున్నాను. సెలవుల్లో ఆడపిల్ల ఎండకు బయట తిరగకూడదు, ఇంట్లోనేమో టీవీ లేదు. కాబట్టి కవర్లు తిరగేయడమే నా పని.

కవరు తిరగేయడమంటే చిన్న విషయం కాదు. అమ్మ అన్నానికి ఎసరు పెట్టినప్పుడు గిన్నె మీద మూత కొంచెం పక్కకు జరిపి, ఆ ఆవిరికి కవరు అతుకులు చూపించాలి. ఎక్కువసేపు చూపిస్తే కాగితం మెత్తబడి చిరుగుతుంది. చాలకపోతే అతుకు విడవదు, లాగితే పై పొర లేచి వస్తుంది. అంచు కాస్త ఉబ్బగానే పాత పోస్టుకార్డు మూల ఒకటి లోపలికి దూర్చి, మెల్లగా నడిపించుకుంటూ పోవాలి. గోరు పెట్టకూడదు. పూర్తిగా విడిపోయాక కవరు నాలుగు రెక్కలుగా పరుచుకుంటుంది. దాన్ని నీడన ఆరబెట్టి, ఒక రాత్రంతా బియ్యం డబ్బా కింద పెడితే ముడతలు పోతాయి. తర్వాత అవే మడతలను వెనక్కి తిప్పి మడవాలి. మడత పదునుగా రావడానికి గరిటె కాడతో రుద్దేదాన్ని. పై వైపు ఎన్ని స్లిప్పులు పడినా, ఎన్ని ముద్రలు గుద్దినా, లోపలి వైపు కొత్తదే.

జిగురు కూడా ఇంట్లోదే. మా జేజి ఊరినుంచి వచ్చినప్పుడల్లా నల్లతుమ్మ బంక మూటగట్టి తెచ్చేది. రాత్రి నీళ్ళలో నానేస్తే పొద్దున్నకు కరిగి చిక్కగా తయారయ్యేది. గుడ్డలో వడగట్టి గాజుసీసాలో పోసుకునేదాన్ని. బంక అయిపోతే మైదా ఉడికించి 'లై' చేసేవాళ్ళం. బైండింగు పని చేసేవాళ్ళు అందులో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలుపుతారు. అది విషమని నాయన దాన్ని అటక మీద పెట్టి, తనే కలిపి ఇచ్చేవాడు. లై వేసిన కవర్లను బొద్దింకలు తినేవి, బంక వేసిన వాటి జోలికి పోయేవి కావు. అందుకే నాకు ఇప్పటికీ బంకే నమ్మకం.

గోధుమరంగు ఆఫీసు కవర్లతోనే నా కథ అయిపోయేదేమో. కానీ మా వీధిలో సగం ఇళ్ళకు కువైట్ ఉత్తరాలు వచ్చేవి.

కడప వాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. రాజంపేట, రాయచోటి, బద్వేలు వైపు ఊళ్ళలో ఇంటికొకరు అక్కడే ఉండేవాళ్ళు. డ్రైవర్లు, వంటవాళ్ళు, అరబ్బుల ఇళ్ళలో పనివాళ్ళు. వాన రాదు, బోరు పడదు, వేరుశనగ చేతికి రాదు, కువైట్ నుంచి డ్రాఫ్టు మాత్రం వస్తుంది. మా అమ్మ తమ్ముడు, మా మామ, అక్కడ ఒక కంపెనీలో డ్రైవరు. ఆయన ఉన్న రూములో ఎనిమిది మంది. అందరూ మన జిల్లా వాళ్ళే, అందులో ముగ్గురు మా వీధి వాళ్ళే.

కువైట్ నుంచి వచ్చే కవర్లు తెల్లగా, పల్చగా ఉండేవి. చుట్టూ ఎరుపు నీలం గీతల అంచు. తిరగేయడానికి అంతకంటే మంచి కవరు లేదు. గోధుమరంగు కవరు బరువు, బరువు పెరిగితే విదేశానికి స్టాంపు ఖర్చు పెరుగుతుంది. ఎయిర్ మెయిల్ కవరుకు ఆ బాధ లేదు. లోపల రాసే కాగితం కూడా ఉల్లిపొర కాగితమే. ఒక్కటే చిక్కు. తిరగేస్తే ఆ అందమైన అంచు లోపలికి పోతుంది, పైన బోడి తెలుపు మిగులుతుంది. 'బై ఎయిర్ మెయిల్' అని ఉండే నీలి లేబులు పోస్టాఫీసులో ఊరికే ఇచ్చేవాళ్ళు కాబట్టి పోస్టుకు ఇబ్బంది లేదు. నాకే మనసొప్పేది కాదు. ఎలక్ట్రికల్ షాపులో ఇన్సులేషన్ టేపు కొని, పాత అద్దం ముక్క మీద అంటించి, సగం బ్లేడుతో సన్నగా చీల్చి, ఆ చీలికలతో అంచు కట్టడం మొదలుపెట్టాను.

మొదట్లో అది ఉత్త సోకు. ఒక ఉత్తరంలో మామ రాసిన మాటతో సోకు కాస్తా పనిలోకి వచ్చింది. వాళ్ళ రూముకు వచ్చే ఉత్తరాలన్నీ ఒకే పోస్టు బాక్సుకు వస్తాయి, అడ్రసు అందరికీ ఒకటే, కింద 'సఫాత్, కువైట్'. రూములో సగం మందికి చదువు రాదు. మామ డ్యూటీలో ఉన్నప్పుడు వచ్చిన ఉత్తరం ఎవరిదో తెలీక, ఒకరిది ఒకరు విప్పేసుకుంటున్నారు. ఇంకొకరి భార్య రాసిన మాటలు పది మంది నోళ్ళలో పడుతున్నాయి. "నువ్వు అంటించే టేపు రంగు ఇంటికొకటి పెట్టు పాపా, ఎవరిది వాళ్ళు తీసుకుంటారు" అని రాశాడు.

ఇంక చూడాలి మా వీధిలో రంగుల కోసం పడ్డ పోటీ. మా ఇంటికి ఎరుపు అని అమ్మ ముందే చెప్పేసింది. ఎదురింటి చాచి పచ్చ రంగు తీసుకుంది. మూలింటి పిన్నమ్మ పసుపు. శుభమా అని ఉత్తరం పోతుంటే పసుపు కాక ఇంకేముంటుంది అని ఆమె వాదన. నీలం ఎవరికో గుర్తులేదు. నల్ల టేపు మాత్రం ఒక్కరూ ఒప్పుకోలేదు. కార్డు మూలకు నలుపు పూసి వస్తే చావు కబురని అందరికీ తెలుసు, కువైట్‌లో దాన్ని చూసిన మగాయన గుండె ఆగిపోదా? ఆ నల్ల చుట్టను నాయన సైకిలు హ్యాండిల్‌కు చుట్టుకున్నాడు.

రంగులు చాలక మిగతా ఇళ్ళకు వేరే దారులు వెతికాను. పీర్ల పండగకు అమ్మే చమ్కీ కాగితం, టైలరు దగ్గర మిగిలిన జరీ లేసు ముక్కలు, శుభలేఖల మీద బంగారు గీత ఉన్న అంచులు. టేప్ రికార్డర్లో చిక్కుకుని పాడైన క్యాసెట్ల రీలు కూడా వాడాను. మా వీధికి కువైట్ నుంచి ఉత్తరాలకు బదులు మాటలు నింపిన క్యాసెట్లు కూడా వచ్చేవి మరి, వాటిలో కొన్ని తెగేవి. ఆ గోధుమరంగు రీలును బంకతో రెండు వరుసలు అంటిస్తే దూరానికి మెరిసేది. అందులో ఎవరి మాటలు ఉన్నాయో అప్పుడు ఆలోచించలేదు.

పోస్టాఫీసు కౌంటరు దగ్గర ఉండే పెద్దాయన నా కవర్లు చూసి నవ్వేవాడు. స్టాంపు వేసే మూలకు మాత్రం టేపు రానివ్వొద్దని ఆయనే చెప్పాడు. ప్లాస్టిక్ మీద ముద్ర సిరా నిలవదు, తుడుచుకుపోతుంది. ముద్ర పడని స్టాంపు అంటే అనుమానం. మూత కూడా బంకతోనే మూయాలి, టేపుతో కాదు. ఇన్సులేషన్ టేపు వేడికి జారుతుంది, దాని జిగురు పక్క కవరుకు అంటుకుంటుంది. మే నెల కడప ఎండ గురించి తెలిసిన మనిషి చెప్పిన మాట అది. ఆయన చెప్పినట్టే అంచులకు, వెనక వైపుకు మాత్రమే టేపు వేసేదాన్ని.

కవరు చేసిన దానికి ఉత్తరం రాసే పని కూడా నాకే పడింది. సాయంత్రం గిన్నెలు తోముకున్నాక ఒక్కొక్కరే మా అరుగు మీదికి వచ్చేవాళ్ళు. మొదలు అందరిదీ ఒకటే, ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాము. ఆ తర్వాత అసలు సంగతులు. బర్రె ఈనింది. డ్రాఫ్టు అందింది కానీ పేరులో ఒక అక్షరం తప్పు పడింది, బ్యాంకులో తిప్పుతున్నారు. మీ అమ్మ నాతో మాట్లాడ్డం మానేసింది. చిన్నోడు మీ ఫోటో చూసి ఎవరని అడుగుతున్నాడు. ఇట్లాంటివి పదమూడేళ్ళ పిల్లకు చెప్పడానికి వాళ్ళకు మొహమాటం ఉండేది. అందుకే గోడవైపు తిరిగి చెప్పేవాళ్ళు. అరుగు మీద విన్నది గడప దాటితే కాళ్ళు విరగ్గొడతానని అమ్మ నాకు చెప్పి పెట్టింది. ఇప్పుడు కూడా నేను చెప్పేది పేర్లు లేకుండానే.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి పోయింది. రేడియోలో ఆ వార్త వచ్చిన రోజునుంచి మా వీధిలో పొయ్యి వెలిగిందా లేదా అన్నట్టే ఉండేది. ఉత్తరాలు లేవు, ఫోన్లు లేవు. కువైట్‌కు ఉత్తరాలు తీసుకోవడం లేదని పోస్టాఫీసులో చెప్పేశారు. అయినా ఆడవాళ్ళు అరుగు మీదికి రావడం మానలేదు. "నువ్వు రాసి పెట్టు పాపా, దారి తెరిస్తే ఏద్దాం" అనేవాళ్ళు. రాశాను. ఇంటి ఇంటికీ రంగు టేపు వేసి, అడ్రసు రాసి, స్టాంపు మాత్రం అంటించకుండా బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టాను. డబ్బా నిండింది.

మామ సెప్టెంబరులో వచ్చాడు. ఇరాక్ మీదుగా బస్సులో జోర్డాన్ సరిహద్దుకు, అక్కడ గుడారాల్లో కొన్నాళ్ళు, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయికి, బొంబాయి నుంచి రైల్లో నేరుగా కడపకు. ఆ రెండు నెలల్లో అట్లా అమ్మాన్ మీదుగా లక్షా పదివేల మందికి పైగా మనవాళ్ళను విమానాల్లో తీసుకొచ్చారని తర్వాత చదివాను. మామ చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, ఒంటి మీద బట్టలు, అంతే. టూ-ఇన్-వన్ టేప్ రికార్డరు లేదు, దుప్పట్లు లేవు. నడుముకు మాత్రం నేను చేసిన కవరు ఒకటి గుడ్డతో కట్టుకుని ఉన్నాడు.

దాని సంగతి చెప్పాలి. నాయన ఆఫీసుకు ముఖ్యమైన కాగితాలు లోపల పల్చటి గుడ్డ అంటించిన కవర్లలో వచ్చేవి. చింపుదామన్నా చిరగవు. అట్లాంటిది ఒకటి తిరగేసి, పాస్‌పోర్టు పట్టే కొలతకు మడిచి, చుట్టూ ఎర్ర టేపు రెండు వరుసలు వేసి, అంతకుముందు ఏడు సెలవుకు వచ్చినప్పుడు మామకు ఇచ్చాను. పాస్‌పోర్టు, అఖామా (అక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్టు), మా ఇంటి అడ్రసు రాసిన చీటీ, అన్నీ అందులోనే పెట్టుకుని ఎడారి దాటాడు. చెమటకు కవరు రంగు మారింది, టేపు జిగురు కారి నల్లబడింది, గుడ్డ మాత్రం ఎక్కడా చిరగలేదు. మామ ఆ కవరును తర్వాత పొలం పాసుపుస్తకానికి వాడుకున్నాడు.

ఎదురింటి చాచి మొగుడు, చాచా, ఇంకో పది రోజులకు వచ్చాడు. వచ్చిన మూడోనాడే నన్ను పిలిచి, "నాకు ఉత్తరాలు రాసి పెట్టినావంట గదా, సదువు పాపా" అన్నాడు. చాచి లోపలినుంచి అరిచింది, "మనిషి ఎదురుగా ఉంటే ఉత్తరం ఎందుకు? వద్దు మే, సదవద్దు." చాచా వినలేదు. పచ్చ టేపు కవర్లు నేనే డబ్బాలోంచి తీసి ఇచ్చాను. ఒకటి విప్పి చదివాను. క్షేమసమాచారాలు అయ్యాక ఇట్లా ఉంది: "దుడ్లు లేకపోయినా ఏం గాదు. మనిషివి వస్తే సాలు. ఏమీ తేవాకు, ఏమీ అడగను."

చాచా కాసేపు నేల చూశాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి, "ఏమే, నేను వచ్చినప్పటినుంచి దుడ్లు దుడ్లు అని సంపుతాండావు, ఈడ ఇట్లా రాయించినావా?" అన్నాడు. చాచి పరిగెత్తుకొచ్చి లాక్కోబోయింది. ఆయన ఇవ్వకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇది సాక్ష్యం. నువ్వు మళ్ళీ అడిగిన రోజు సదివిస్తా." అట్లా నన్ను నిజంగానే చాలాసార్లు పిలిపించాడు.

1991 ఫిబ్రవరిలో కువైట్ ఇరాక్ చేతిలోంచి బయటపడింది, మగవాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ బయలుదేరారు. మామ మాత్రం పోలేదు. ఆ తర్వాత కొన్నేళ్ళకు విదేశాలకు ఫోను చేసుకునే ఐ.ఎస్.డి. బూతులు వచ్చాయి, అరుగు మీదికి వచ్చేవాళ్ళు బూతు ముందు బెంచీ మీద కూర్చున్నారు. నా టేపులు స్కూలు పుస్తకాల అట్టలకు పోయాయి.

ఇప్పుడు మా అమ్మాయి 'వాషి టేపు' అని జపాన్ కాగితపు టేపులు తెప్పిస్తుంది. పిల్లులు, పూలు, చారలు, ఎన్నో రకాలు. కమోయి అనే కంపెనీ పేరు చూసి ఎవరా అని చదివాను. కురషికి అనే ఊళ్ళో 1923లో ఈగలు అంటుకునే కాగితం చేయడంతో మొదలైందట. తర్వాత పెయింటు వేసేవాళ్ళు వాడే మాస్కింగ్ టేపు. 2006లో ఆ టేపుతో బొమ్మలూ పుస్తకాలూ చేసుకునే కొందరు ఆడవాళ్ళు ఫ్యాక్టరీ చూస్తామని రాయడంతో, ఇట్లాంటి రంగుల టేపులు పుట్టాయి. ఇది చదివి నాకు భలే సంతోషమేసింది. ఫ్యాక్టరీకి తట్టని సంగతి వాడుకునే ఆడవాళ్ళకు తట్టింది.

టేపు మంచిదే. చేత్తో చింపొచ్చు, దాని మీద పెన్నుతో రాయొచ్చు, వంకరగా పడితే కాగితం చిరక్కుండా తీసి మళ్ళీ అంటించొచ్చు. కానీ పట్టు తక్కువ. నున్నటి శుభలేఖ కవరు మీద వేస్తే మన ఎండకు అంచులు లేస్తాయి. గరుకు గోధుమరంగు కాగితం మీద అయితే బాగా కూర్చుంటుంది. కవరు మూతకు మాత్రం వాషి నమ్ముకోవద్దని మా అమ్మాయికి చెప్పాను. మొన్న పాత రేకు డబ్బా తీసి చూస్తే అసలు తేడా తెలిసింది. సెల్లో టేపు వేసినవన్నీ పసుపుపచ్చగా మారి, పెళుసుబారి ఊడిపోయాయి, కింద కాగితం మీద మాత్రం మరక మిగిలింది. తుమ్మ బంక వేసిన అతుకులు ముప్పై అయిదేళ్ళు దాటినా గట్టిగానే ఉన్నాయి.

ఉత్తరాలు ఎవరికి రాస్తామిప్పుడు? కానీ కవర్ల పని ఉంది. పెళ్ళి చదివింపులకు నూటపదహార్లు, వెయ్యినూటపదహార్లు పెట్టే కవర్లు షాపులో కొనడం నేను మానేశాను. మన ఇంటికి వచ్చిన శుభలేఖ కవర్లనే విప్పి తిరగేస్తాను. బ్యాంకులు పంపే కవర్లు ఇంకా బాగుంటాయి. లోపలి రాత బయటికి కనబడకుండా వాటి లోపలి వైపు నీలం రంగులో సన్న డిజైను అచ్చు వేస్తారు కదా, తిరగేస్తే అదే పైకి వస్తుంది. దాని మీద ఒక్క చార టేపు చాలు. అద్దం కిటికీ ఉన్న కవర్లకు మాత్రం ఆ ప్లాస్టిక్ తీసేసి, ఆ ఖాళీకి వెనకనుంచి రంగు కాగితం అంటించాలి. మా అమ్మాయి అక్కడ ఫోటో పెడుతుంది.

పోయిన నెల చాచి వచ్చింది. చాచా పోయి చాలా ఏళ్ళయింది. మనవడికి కువైట్ వీసా వచ్చిందట. వాడికి ఫోన్లోనే అన్నీ ఉన్నా, కాగితాలు పెట్టుకోవడానికి ఒక కవరు కావాలంది. "మీ మామకు చేసి ఇచ్చినావే, గుడ్డది, అట్లాంటిది." నాయన పెట్టెలో వెతికితే గుడ్డ కవర్లు ఇంకా ఉన్నాయి. ఒకటి తీసి తిరగేసి, ఏ టేపు వేయమంటావని మా అమ్మాయి పెట్టె ఆమె ముందు పెట్టాను. పిల్లులు చూసింది, పూలు చూసింది, పెదవి విరిచింది. "మాది పచ్చ గదా" అంది.

పచ్చాకుల డిజైను ఒకటి ఉంది చాచీ అని మా అమ్మాయి చూపించింది. ఆకులు కూడా పచ్చవే కదా అని ఆమె సరేనంది కానీ, నేనే ఒప్పుకోలేదు. ఆ పట్టులేని టేపుతో పిల్లోణ్ణి అంత దూరం పంపుతారా? చెప్పులు వేసుకుని వీధి చివర ఎలక్ట్రికల్ షాపుకు పోయాను. ఇన్సులేషన్ టేపు, పచ్చది, పది రూపాయలు.